ఏ కల్?

"కల్" అన్నాడు మా ఆయన.

"ఏ కల్?" అన్నాను నేను.

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఇంకొంచెం మంచి మాటలు ఉంటే బాగుండేది. రాయించేటప్పుడైనా మార్చుకోవచ్చు కదా అనిపించింది. కానీ వాటిని మారిస్తే మిగతాదంతా ఎందుకు రాయిస్తున్నానో ఎవరికీ తెలియదు.

నా పేరు కోటమ్మ. భద్రాచలం రోడ్డులో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక సర్కారు దవాఖానాలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయాగా చేశాను. నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు. అంతే. ఇది రాస్తున్నది మా అన్న బిడ్డ సునీత. నర్సు చదువు పూర్తి చేసి అదే దవాఖానాలో డ్యూటీలో చేరబోతోంది. దానితో పాటు ఇంకా కొందరు కొత్త పిల్లలు చేరుతున్నారట. వాళ్ళ కోసం ఇది.

మొదటి మాట చెప్పగానే సునీత పెన్ను ఆపింది.

"అత్తా, మామ అన్న మాటకు ఏ ల రాయాలె? మామూలు ల నా, నాలిక మడిచి పలికే ళ నా?"

"రెండున్నయా?"

"ఉన్నయి. ఒకటి పెడితే ఒక అర్థం, ఇంకోటి పెడితే ఇంకో అర్థం."

అరవై దాటాక నాకు తెలిసిన సంగతి ఇది. నా చెవికి ఒక్కటిగా ఉన్నది కాగితం మీద రెండట. "ఆ ఒక్క మాట పెన్సిల్‌తోని పెట్టు. అంతా అయినంక చూద్దాం" అన్నాను.

కాగితం మీద లేని పని

ఉద్యోగం ఎట్లా వచ్చింది, ఎప్పుడు పర్మనెంటు అయింది, రిటైరైన రోజు శాలువా ఎవరు కప్పారు, ఇవి మీకు అక్కరలేదు. శాలువా సునీత వాళ్ళ కుక్కపిల్ల కింద ఉంది.

ఆయా అంటే ఊడవాలి, తుడవాలి, బెడ్‌పాన్ పెట్టాలి, కాన్పుల గదిలో వేడినీళ్ళు అందించాలి. అది కాగితం మీద ఉన్న పని. అసలు పని మాట మోయడం. డాక్టర్లు హైదరాబాదు నుంచి, బెజవాడ నుంచి వస్తారు. పేషంట్లు కోయగూడేల నుంచి, లంబాడీ తండాల నుంచి, ఊళ్ళో ఉర్దూ మాట్లాడే గల్లీల నుంచి వస్తారు. డాక్టరు ఈ పక్క, పేషంటు ఆ పక్క, మధ్యలో చీపురు పట్టుకుని నేను.

నేను పుట్టింది కారేపల్లి దగ్గర. చుట్టూ తండాలే కాబట్టి లంబాడీ మాట చిన్నప్పుడు ఆటల్లోనే అబ్బింది. కోయమాట వార్డులో నేర్చుకున్నాను. ఉర్దూ మాత్రం చేరిన కొత్తలో రాదు. మా వైపు సాయిబులు మాతో తెలుగే మాట్లాడేవాళ్ళు, కాబట్టి అవసరం పడలేదు.

చేరిన మొదటి నెలలోనే ఒక లంబాడీ ముసలమ్మ వచ్చింది. "కాల్, కాల్" అంటోంది. కాంపౌండరు "కుడి కాలా, ఎడమ కాలా?" అని అడిగాడు. ఆమె ఏమీ అనకపోయేసరికి రెండింటికీ కట్టు కట్టాడు. లంబాడీ మాటలో కాల్ అంటే నిన్న. ముసలమ్మకు నిన్నటి నుంచి కడుపునొప్పి. తన రెండు కాళ్ళ కట్లూ చూసుకుని, ఈ దవాఖానా పద్ధతి ఇంతేనేమో అని ఊరుకుంది. నేను చీపురు గోడకు ఆనించి సంగతి చెప్పాను.

"కట్లు ఇప్పమంటరా సార్?" అన్నాను.

"కట్టినం గదా, ఉండనీ" అన్నాడు కాంపౌండరు.

ఆ రోజు నుంచి ఏ మాట అర్థం కాకపోయినా "ఆయమ్మను పిలవండి" అనడం మొదలైంది. నాకు కొంచెం పొగరు వచ్చింది. ఆ పొగరు ఎక్కడికి పోయిందో ముందు ముందు చెబుతాను.

ఇంట్లో లొట్టి

మా ఆయనది వేంసూరు వైపు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. మా ఇంట్లో పొద్దున లేస్తే మొదటి మాట కల్లు, పడుకునేముందు ఆఖరి మాట లొట్టి. ఆ కుండలు కడిగీ కడిగీ నా చేతులకు పట్టిన పులుపు వాసన దవాఖానా సబ్బుకు కూడా పోయేది కాదు.

వేంసూరు వాళ్ళు ఆంధ్రా పక్కన ఉన్నవాళ్ళు. చూసేవాటిని 'కళ్ళు' అంటారు. మా కారేపల్లిలో 'కండ్లు' అంటాము. దీని మీద కాపురం మొదటి వారంలోనే మాకు తగువు.

"కండ్లేంటే, కండ్లు! మాంసం కండల్లాగా. కళ్ళు అనాలి" అనేవాడు.

"నువ్వు కళ్ళంటే నాకు కల్లు లెక్క ఇనపడ్తది. చూసేదో తాగేదో తెల్వదు."

"నాకు రెండూ ఒకటేలే."

ఆయన నా మాట తీసుకోలేదు, నేను ఆయన మాట తీసుకోలేదు. చిన్న సంగతే. కానీ ఇది గుర్తు పెట్టుకోండి.

ఏలియమ్మ సిస్టరు రాయి

మా వార్డు సిస్టరు ఏలియమ్మ. కేరళ ఆవిడ. పని అంటే ప్రాణం, తెలుగు అంటే భయం. తెలుగు మాట దొరకనప్పుడు తన మాట ఒకటి మధ్యలో ఇరికించి ముందుకు పోయేది. ఒకసారి ఒక కోయ పెద్దమనిషి నడుము పట్టుకుని వచ్చాడు. ఫోటో తీశారు. సిస్టరు ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది.

"మూత్రంలో కల్లు ఉంది. పెద్ద కల్లు."

"అవ్" అన్నాడు పెద్దమనిషి. "జీలుగు కల్లు."

"ఎన్ని రోజుల నుంచి నొప్పి?"

"కల్లా? చిన్నప్పటి సంది."

సిస్టరు రాసుకుంది. "నీళ్ళు ఎక్కువ తాగితే కల్లు పోతుంది."

"నీళ్ళు తాగితే కల్లెట్ల పోతది? కల్లు తాగితే నీళ్ళు పోతయి గని."

"పోకపోతే కోసి తీయాలి."

పెద్దమనిషి చొక్కా కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. నేను బస్టాండు దాకా పరుగెత్తి పట్టుకున్నాను. "తాగిన కల్లును కోసి తీసే దవాఖానా నేనెక్కడ చూడలే" అన్నాడు. ఆయన కోపం న్యాయంగానే ఉంది. కేరళ వాళ్ళకు కల్లు అంటే రాయి అని నాకూ ఆ రోజే తెలిసింది. మూత్రంలో రాయి ఉందని చెప్పింది ఆమె. తాగేదాన్ని కూడా వాళ్ళు కల్లు అనే అంటారట, కానీ నాలుక ఇంకో చోట పెట్టి. ఆమె రెండు రకాలుగా పలికి చూపించింది. నాకు తేడా వినిపించలేదు. తల ఊపాను.

ఇక్కడ ఒక మాట కటువుగా చెప్పాలి. గూడెం నుంచి వచ్చిన మనిషిని మా డాక్టర్లు మొదట అడిగేది "కల్లు తాగుతావా?" అని. అతను "అవ్" అంటాడు. గూడెంలో చుట్టం వస్తే ముందు పెట్టేది అదే. పండగలో దేవర ముందు పోసేదీ అదే. దాచుకోవాలని అతనికి తోచదు. కానీ "అవ్" అనగానే కాగితం మీద ఒక గీత పడుతుంది. ఆ గీత పడ్డాక అతను ఏం చెప్పినా తాగుబోతు చెప్పినట్టే లెక్క. నేను ఆ గీతలను చాలా చూశాను. నేనూ ఒకటి గీయించాను. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మూడు మాటలు

పొద్దున ఓపీ మొదలైన కాసేపటికి ఒకామె మొగుణ్ణి ఆటోలో తెచ్చింది. ఆమె పేరు జైతూన్‌బీ. అప్పటికి పెళ్ళై కొన్ని నెలలే. ఎక్కడో బీదరు వైపు నుంచి వచ్చింది, తెలుగు ముక్క రాదు. మొగుడు మస్తాన్, ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. అతను నడుస్తుంటే కాళ్ళు తేలిపోతున్నాయి. మాట ముద్దగా ఉంది. రెప్పలు సగం వాలి ఉన్నాయి.

డాక్టరు నన్ను పిలిచాడు. నేను కొంగు నడుముకు దోపుకుని పెద్దరికంగా వచ్చాను.

జైతూన్‌బీ నా చెయ్యి పట్టుకుంది. "కల్ జమీన్ పే సోయే" అంది. నేను చూస్తూ ఉంటే ఇంకోసారి, గట్టిగా, "కల్! జమీన్ పే!" అంది. తన రెప్పల మీద వేలు పెట్టి కిందికి లాగి చూపించింది.

జమీన్ అంటే నాకు తెలుసు, భూమి. రెప్పలు వాలడం తెలుసు, మత్తు. ఇక కల్ అంటే నాకు తెలియకపోవడం ఏమిటి, పొద్దున్నే నాలుగు లొట్లు కడిగి వచ్చినదాన్ని.

"కల్లు తాగి కింద పడ్డడంట సార్" అన్నాను.

డాక్టరు తల కూడా ఎత్తలేదు. "పడుకోబెట్టండి, దిగుతుంది" అన్నాడు. గ్లూకోజు పెట్టారు. జైతూన్‌బీ నా వెనకే వార్డు చివరిదాకా వచ్చింది, అదే మాట అంటూ. "అవ్ అవ్, దిగుతది, పరేషాను గాకు" అని నేను ఆమెకు ధైర్యం చెప్పాను.

రెండు గంటలు గడిచాయి. ఏలియమ్మ సిస్టరు వార్డు చూడటానికి వచ్చి మస్తాన్ మంచం దగ్గర ఆగింది. వంగి నోటి దగ్గర వాసన చూసింది. బొటనవేలితో రెప్ప ఎత్తింది. వదిలితే రెప్ప కింద పడిపోయింది.

"కోటమ్మా, ఇది కల్లు అయితే వాసన ఏది?"

నేను కూడా వంగి చూశాను. కల్లు వాసన నాకు తెలిసినంతగా ఆ జిల్లాలో ఎవరికీ తెలియదు. అతని దగ్గర లేదు. నా చేతుల దగ్గరే ఉంది.

సిస్టరు ఉర్దూ వచ్చిన ఒక పేషంటును పిలిచి ఆ పిల్ల మాట తెలుగులో చెప్పించింది. అది కట్లపాము. ముందురోజు మస్తాన్ గిన్నెల పని మీద ఒక గూడేనికి పోయి అక్కడే నేల మీద పడుకున్నాడు. ఆ పాము కాటు పెద్దగా నొప్పి తెలియదు, గాటు కనపడదు. రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. చూసేవాళ్ళకు తాగినట్టే ఉంటుంది. "నిన్న నేల మీద పడుకున్నాడు" అని ఆ పిల్ల మొదటి నిమిషంలోనే చెప్పింది. నేల, నిద్ర, వాలిన రెప్పలు. అంతకన్నా బాగా డాక్టరు కూడా చెప్పలేడు.

మందు ఎక్కించారు. ఊపిరి నిలబడేదాకా చేత్తో నొక్కే గాలి సంచి పెట్టి సిస్టరు నొక్కింది. ఆమె చేతులు పడిపోతే నేను నొక్కాను. ఎవరూ చెప్పకుండానే నొక్కాను. సాయంత్రానికి మస్తాన్ రెప్ప తనంతట తానే కదిలింది.

అతను బతికాడు. బతికాడు కాబట్టి దీన్ని చెప్పుకోగలుగుతున్నాను. లేకపోతే ఈ భాగం ఇందులో ఉండేదో లేదో నాకే తెలియదు.

మర్నాడు పెద్ద డాక్టరు పిలిపించాడు. మంచి మనిషి, మాట మాత్రం గరుకు.

"కల్లని ఎవరు చెప్పారు?"

"నేనే సార్."

"నీకు ఉర్దూ వచ్చా?"

"రాదు సార్."

"మరి రాదని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలే సార్."

ఆయన "అవును, అడగలేదు" అన్నాడు. నేను చూసిన అధికారుల్లో తప్పులో తన వాటా తాను తీసుకున్నది ఆయన ఒక్కడే. తర్వాత ఎప్పుడు పిలిచినా ముందు "ఈ భాష వచ్చా నీకు?" అని అడిగేవాడు. నేను రాదంటే సంతోషించేవాడు.

ఆ రోజు ఇంటికి పోతూ లెక్క వేసుకున్నాను. ఆమె చెప్పింది మూడు మాటలు, నిన్న, నేల, నిద్ర. నేను డాక్టరుకు ఇచ్చినవి నాలుగు, కల్లు, తాగి, కింద, పడ్డాడు. అందులో ఆమెది ఒక్క కిందే, అదీ నేలకు బదులు. మిగతా మూడూ నావి.

ఇంకో సంగతి. లంబాడీ కాల్ అంటే నిన్న అని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కాంపౌండరు ముందు గొప్పగా చెప్పినదాన్ని. అదే మాట కాస్త కురచగా వస్తే నాకు నిన్న వినపడలేదు, లొట్టి వినపడింది. చెవి దానంతట అది వినదు. ఇంట్లో ఏముంటే అది వింటుంది.

కళాయి

కొన్ని నెలలకు జైతూన్‌బీ కొంచెం తెలుగుతో మా ఇంటికి వచ్చింది. వెనకాల మస్తాన్, బొగ్గుల తిత్తి మోసుకుని. నా ఇత్తడి గిన్నెలన్నీ బయట వేయించి ఒక్కొక్కటే కాల్చి కళాయి పూశాడు. "మీరు మా మాట డాక్టరు సాబుకు అందియ్యబట్టి బతికిన ఆయమ్మా" అన్నాడు. నేను కాదనలేదు. వాళ్ళు పూసిన గిన్నెల్లో ఏళ్ళ తరబడి పులుసు కాచాను. నిజం ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా వాళ్ళకు చెబితే నాకు అభ్యంతరం లేదు. నాకు చేతకాలేదు.

గిన్నెలు చల్లారుతుంటే నేను జైతూన్‌బీ పక్కన కూర్చుని అడిగాను.

"ఆ రోజు కల్ అంటివి గదా, కల్ అంటే నిన్ననే గదా?"

"నిన్న, అక్కా."

"మరి రేపునేమంటరు?"

"రేపు? కల్."

"నిన్న కల్, రేపు కల్. ఎట్ల తెలుస్తది?"

"ఎన్కాల మాట ఉంటది గదా. సోయే అంటే అయిపోయింది. సోయేంగే అంటే ఇంకా కాలే. ఎన్కాల మాట ఇంటే తెలుస్తది."

"ఎన్కాల మాట రాకపోతే?"

ఆమె నవ్వింది. "సగం మాట అని ఎవరు ఊకుంటరక్కా!"

మా ఆయనకు ఒక్కడికే నిజం చెప్పాను. ఆయన చెట్టెక్కే మోకు చుట్టుకుంటూ విన్నాడు. "నేను తాటిచెట్లు ఎక్కకుండా ఏ కొట్లోనో కూర్చుని ఉంటే నీకట్లా వినపడేది కాదులే" అన్నాడు. ఓదార్పు అదే. ఆయనకు అంతకంటే రాదు.

అప్పటినుంచి వార్డులో ఎవరు ఆ మాట అన్నా నేను అడిగేదాన్ని, "ఏ కల్?" అని. తాగేదా, చూసేవా, అయిపోయిందా, రావాల్సిందా, రాయా, కాలా? ఆగి అడిగేదాన్ని. నర్సులు నవ్వేవాళ్ళు. నేను వార్డులోకి వస్తుంటే "ఏ కల్ వచ్చింది" అనేవాళ్ళు. నవ్వనిచ్చాను. అడగడం మానలేదు.

పంతులు గారి మంచం

ఒకసారి వైరా నుంచి ఒక తెలుగు పంతులు కాలు విరిగి వచ్చి నెలంతా మంచం మీద ఉన్నాడు. పిల్లలు లేని బడిలాగా ఆయనకు ఊసుపోయేది కాదు. ఈ కల్ సంగతి చెబితే లేచి కూర్చోబోయాడు, కాలు వేలాడదీసి ఉందని మరిచిపోయి.

"కల్లుప్పు అంటావు కదమ్మా, అందులో కల్లు ఏమిటి?"

"ఉప్పే గదా సార్."

"ఉప్పులో కల్లు రాయి. రాయిలా ఉండే ఉప్పు. మన మాటే, పాత మాట. కన్నడ వాళ్ళు, మీ సిస్టరు వాళ్ళు ఇంకా వాడుతున్నారు. మనం మరిచిపోయి ఉప్పులో వదిలేశాం."

తాగే కల్లుకు, ఆ రాయికి చుట్టరికం లేదన్నాడు. కన్నులు కండ్లయి, కండ్లు కళ్ళయ్యాయన్నాడు. అంటే మా కారేపల్లి మాటే పాతదన్నమాట. అది ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. "పాతదే కదా, అందుకే మేం మార్చాం" అన్నాడు. ఉర్దూ కల్ సంస్కృతంలో పొద్దు అనే మాట నుంచి వచ్చిందట. నిన్నటిదీ పొద్దే, రేపటిదీ పొద్దే, అందుకని రెండింటికీ ఒక్కటే మాట. లంబాడీ కాల్ దాని తోబుట్టువు. "వేరు వేరు ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులు, ఒకటే పేరు. సంతలో పిలిస్తే అందరూ తిరిగి చూస్తారు" అన్నాడు పంతులు.

బాగా చెప్పాడు. కాకపోతే ఆయన కూడా, నొప్పి ఎక్కువైన రోజున, "కాలు" అని అరిస్తే ఏలియమ్మ సిస్టరు నీళ్ళ గ్లాసు పట్టుకుని పరుగెత్తింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

పాలు

మోకాళ్ళు అరిగి మా ఆయన తాటిచెట్లు ఎక్కడం మానేశాడు. బీపీ అన్నారు, కల్లు వద్దన్నారు. మానేశాడు. ఆరేళ్ళు చుక్క ముట్టలేదు. కానీ రోజూ పొద్దుగూకే వేళకు అడిగేవాడు.

"కల్లు?"

"కల్" అనేదాన్ని నేను.

"ఏ కల్?"

"వచ్చేది."

అంతటితో అయిపోయేది. అది మా ఇంటి దీపం పెట్టడం లాంటిది.

పోయిన ఎండాకాలం, పగలు పదకొండు గంటలప్పుడు, ఆయన పంచలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాగిజావ గ్లాసు తెచ్చి "చల్లారింది, తాగు" అన్నాను. ఆయన గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కల్" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ మాట ఎప్పుడూ నేననేది. "ఏ కల్?" అన్నాను, ఆయన అనే తీరులో.

ఏమీ అనలేదు. లోపల పొయ్యి మీద పాలు పొంగే చప్పుడైంది. గ్లాసు పక్కన పెట్టి పోయి పాలు దించి వచ్చాను. గ్లాసు అట్లాగే ఉంది. ఆయన నోరు ఒక పక్కకు పోయింది.

నేను పనిచేసిన దవాఖానాకే తీసుకుపోయాను. ఐదు రోజులు ఉన్నాడు, మాట లేదు. మొదటి రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడు, చేరి పది రోజులు కాలేదు. తలకు రక్తం ఆగిందన్నాడు.

"ముందేమైనా చెప్పారా అమ్మా? కళ్ళు మసకగా ఉన్నాయని గానీ, కనపడట్లేదని గానీ?"

"'కల్' అన్నడు సార్."

"కల్లా?"

"కల్."

ఆయన రాసుకుని పక్క మంచానికి పోయాడు. ఇంకో నలుగురు ఎదురు చూస్తున్నారు. ఏం రాశావని నేను అడగలేదు. ముప్ఫై ఏళ్ళు అందర్నీ అడిగినదాన్ని.

మా ఆయన దినం అయ్యాక సునీత ఆ కాగితాలు సర్దుతూ ఆగింది.

"అత్తా, మామ ఆ రోజు తాగిండా?"

"ఆరేండ్లాయె ముట్టక. ఎందుకే?"

"ఇండ్ల రాసుంది. కల్లు తాగినంక గిట్లయిందని."

రెండుసార్లు చదివించుకున్నాను. నేను చెప్పింది ఒక్క మాట. మిగతావి ఆ డాక్టరువి. ఆయన్ను నేను తిట్టను. మస్తాన్ కాగితం మీద నేను రాయించిందీ అదే. దాని వల్ల వైద్యం ఏమీ మారలేదని సునీత అంటోంది. నిజమే కావచ్చు.

నాకు కావలసింది అది కాదు. మా ఆయన ఏమన్నాడో కావాలి.

తాగేదే అడిగాడనుకుంటే, వేళ కాని వేళ అడిగాడు, అంతే. రేపు అన్నాడనుకుంటే, జావ రేపు తాగుతానని నా మాట నాకే అప్పజెప్పి పోయాడు, నవ్వుకుంటూ పోయాడు. నిన్న అన్నాడనుకుంటే, నిన్న ఏముందా అని బాగా గుర్తు తెచ్చుకున్నాను. వంకాయ కూర ఉంది, ఇంకేమీ లేదు. కళ్ళు అన్నాడనుకుంటే, ఆయనకు నా ముఖం మసకబారుతోందని నాకు చెప్పాడు. నేను పాలు దించడానికి పోయాను.

వార్డులో వందల మందికి రెప్ప ఎత్తి చూశాను. ఆ రోజు ఎత్తలేదు. ఎందుకంటే ఆ మాట నాకు తెలుసు.

వెనకాల మాట ఒక్కటి అని ఉంటే తెలిసేది. నలభై ఒక్క ఏళ్ళలో నా మాట ఒక్కటి తీసుకుని ఉన్నా తెలిసేది. 'కండ్లు' అని ఉంటే నేను గ్లాసు కింద పెట్టేదాన్ని, పాలు పొంగిపోనిచ్చేదాన్ని.

చేరబోయేవాళ్ళకు

తెలియని మాటతో భయం లేదు, ఎవరినైనా అడుగుతారు. తెలిసిన మాట దగ్గర ఆగండి. "ఏ కల్?" అని అడగడం ఒక్కటే చాలదు. అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడండి. నేను అడిగాను. నిలబడలేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నేను నేర్పగలిగింది ఇంతే, అదీ సగమే నేర్చుకున్నాను.

ఇక సునీతా, పెన్ను మూత పెట్టు. మొదటి నుంచి చదివి వినిపించు. పెన్సిల్ మాట దగ్గర మాత్రం రెండు తీర్ల చదువు, ఒకసారి నాలిక మడిచి, ఒకసారి మడవకుండ. ఇన్నేండ్లు నాకు తేడా ఇనపడలే, ఇప్పుడు ఇంట. మీ మామ నోట్లె ఏది ఉండెనో గుర్తుపట్టేదాక చదువు. జల్దీ ఏం లేదు బిడ్డా, పొయ్యి మీద ఏం పెట్టలే.